పదిహేనేళ్లు అమ్మకూడదంటే అది సొంతిల్లేనా?

గంటస్తంభం:
మా డెంకాడ వైపు ఒక స్వచ్ఛంద సంస్థ పేద కుటుంబాలకు ఇళ్లు కట్టిస్తోంది. రెండు సెంట్ల స్థలం, గది, వంటిల్లు, పైన స్లాబ్. రెండున్నర లక్షలు అప్పు ఇస్తారు, వడ్డీ లేదు, పదేళ్లలో నెలనెలా తీర్చాలి. ఇంట్లోవాళ్లు 60 రోజులు పనిలోకి రావాలి. రిజిస్ట్రేషన్ ఆడమనిషి పేరు మీదే. కాగితాలు మాత్రం అప్పు తీరేదాకా వాళ్ల దగ్గరే ఉంటాయి. చివర్లో ఇంకో షరతు ఉంది. 15 ఏళ్ల దాకా బయటివాళ్లకు అమ్మకూడదు, అమ్మాల్సి వస్తే సంస్థకే అమ్మాలి, అప్పటిదాకా కట్టిన డబ్బు తిరిగిస్తారు. మా పిన్ని కూతురు సంతకం పెట్టనా వద్దా అని అడుగుతోంది. ఏం చెప్పమంటారు?

చంపావతి_ఒడ్డు:
వద్దని చెప్పండి. భోగాపురం ఎయిర్‌పోర్టు పనులు మొదలయ్యాక ఆ చుట్టుపక్కల సెంటు రేటు ఎక్కడికి పోయిందో అందరికీ తెలుసు. తట్టలు మోసేది ఆ అమ్మాయి, రేటు పెరిగితే ఆ పెరిగింది సంస్థకా? దాన్ని సొంతిల్లు అనరు, అడ్వాన్సు ఎక్కువ తీసుకున్న అద్దిల్లు అంటారు.

మూడులాంతర్లు:
తెలియకుండా మాట్లాడకండి. నేను ఆ సంస్థకు ఆదివారాలు పని చేస్తున్నాను. వెనక్కి వచ్చిన ఇల్లు అదే ధరకు ఇంకో కుటుంబానికి వెళ్తుంది, రూపాయి లాభం వేసుకోరు. నెలనెలా వచ్చే వాయిదాలతోనే తర్వాతి ఇంటికి పునాది పడుతుంది. ఇదేం కొత్త కాదు. 1976లో అమెరికాలో మొదలైన హాబిటాట్ ఫర్ హ్యుమానిటీ అనే ఇళ్లు కట్టించే సంస్థ కూడా ఈ లెక్కలోనే నడిచింది. వడ్డీ ఉండదు, ఇంటివాళ్లు పనిచేయాలి, వాళ్లు తీర్చిన డబ్బుతో ఇంకొకరికి ఇల్లు. ఒకరు మధ్యలో రేటు చూసుకుని అమ్ముకుపోతే ఆ గొలుసు అక్కడే తెగుతుంది.

లెక్కలమాస్టారు:
అసలు సంగతి ఎవరూ చూడటం లేదు. రెండున్నర లక్షలు బయట 12 శాతానికి పదేళ్లకు తెస్తే నెలకు సుమారు 3,587 కట్టాలి. ఇక్కడ 2,083. మొత్తం మీద వడ్డీ కిందే 1,80,000 మిగులుతుంది. జగనన్న కాలనీల్లో ఇంటికి ఇచ్చిందే 1.80 లక్షలు!

చంపావతి_ఒడ్డు:
మాస్టారూ, నేను అడిగింది వడ్డీ గురించి కాదు, అమ్మకం గురించి.

లెక్కలమాస్టారు:
వడ్డీ మిగలడం లాభం కాదా? కావాలంటే 11 శాతానికి కూడా వేసి చూపిస్తాను.

ఇటుకబట్టీ:
గోడలు ర్యాట్ ట్రాప్ కట్టుబడిలో లేపుతున్నారా? ఇటుక నిలబెట్టి, మధ్యలో ఖాళీ వదిలి కడతారు, కేరళలో లారీ బేకర్ అనే ఆర్కిటెక్టు బాగా వాడాడు. ఇటుక పావు వంతు దాకా కలిసొస్తుంది. మన మేస్త్రిలు మాత్రం మొహం చిట్లిస్తారు.

పలాసజీడి:
2018 తిత్లీ తుఫానుకు మా రేకులన్నీ ఎగిరి పక్క తోటలో పడ్డాయి. స్లాబ్ ఇస్తామంటే ఎన్నేళ్ల షరతైనా సంతకం పెడతాను.

చంపావతి_ఒడ్డు:
అదే నా బాధ. గాలికి భయపడి ఏ కాగితం మీదైనా సంతకం పెట్టేవాళ్ల దగ్గరే ఇలాంటి షరతులు నడుస్తాయి. మా నాన్నకు డయాలసిస్ మొదలైనప్పుడు మాకు రెండు గదుల ఇల్లు ఉంది. వారం లోపల అమ్మాం. అమ్మబట్టే నాలుగేళ్లు బతికాడు. అప్పుడు ఎవరో వచ్చి "నీకు కట్టిందే ఇస్తాం" అని ఉంటే?

మూడులాంతర్లు:
ఆస్పత్రి అవసరమైతే సంస్థ వాయిదాలు ఆపుతుంది. నిబంధనల్లో ఉంది, చదవండి.

చంపావతి_ఒడ్డు:
వాయిదా ఆపితే ఇంజెక్షన్ వస్తుందా? మీరు పట్నంలో కొన్న ఫ్లాటు అమ్మేటప్పుడు ఎవరి అనుమతి తీసుకున్నారండీ? పేదవాడికే ఎందుకు ఈ కాపలా? చేతికి కాగితం ఇస్తే తగలేస్తాడనేగా?

మూడులాంతర్లు:
అవును. తగలేస్తాడనే. మా నాన్న తగలేశాడు కాబట్టే చెబుతున్నాను. సర్కారు ఇచ్చిన స్థలం. అలా పేదలకు ఇచ్చిన అసైన్డ్ భూములు అమ్మకూడదని 1977లోనే చట్టం వచ్చింది. అయినా తెల్ల కాగితం మీద వేలిముద్ర వేసి పేకాట బాకీకి ఇచ్చేశాడు. మర్నాడు పొద్దున్న కొన్నవాడు వచ్చి తాళం మార్చుకుంటుంటే మాకు తెలిసింది. అమ్మ అప్పుడే రుబ్బిన పిండి గిన్నె చేత్తో పట్టుకుని వీధిలో నిలబడింది. నాకు పదకొండేళ్లు. మీ నాన్నని బతికించుకోడానికి మీరు అమ్మారు, బాగుంది. అందరిళ్లలో అమ్మేవాడు అందుకే అమ్మడు.

గంటస్తంభం:
ఇద్దరూ కాస్త తగ్గండి.

చంపావతి_ఒడ్డు:
అన్నా, ఆ గిన్నె సంగతి చదివి ఇంకేమీ రాయబుద్ధి కాలేదు. కానీ మీ నాన్న చేసినదానికి గంటస్తంభం గారి చెల్లెలి చేతులు కట్టేస్తారా? ఈ ఇల్లు ఎటూ ఆవిడ పేరు మీదే ఉంటుందిగా.

సిరిమాను_వీధి:
నేను ఆ ఇళ్లలోనే ఉంటున్నాను, మూడో వరసలో. ఇన్నాళ్లూ చదివి ఊరుకున్నాను. పేరు నాదైతే సరిపోతుందని మీకు ఎవరు చెప్పారు బాబూ? మా ఆయన రెండుసార్లు కాగితం తాకట్టు పెడదామన్నాడు. మంచిమాటలు అయ్యాక చెయ్యి కూడా ఎత్తాడు. కాగితం సంస్థ బీరువాలో ఉందని చెప్పి తప్పించుకున్నాను. ఆ ఒక్కటీ నాకు మేలు. అలాగని సంస్థను నెత్తిన పెట్టుకోను. 60 రోజులు పనికి పోయాను, రోజుకు 400 చొప్పున 24 వేల కూలి పోయింది. ఆ లెక్క మాస్టారు గారు వేయలేదు. వెనక్కి అమ్మితే ఆ 24 వేలు ఇస్తారా అని అడిగితే, "అది శ్రమదానం అమ్మా" అన్నారు.

లెక్కలమాస్టారు:
అవును, అది కలపలేదు. 1,80,000లో 24,000 తీసేస్తే 1,56,000.

చంపావతి_ఒడ్డు:
దానం అంటే ఇష్టంతో ఇచ్చేది. రాకపోతే ఇల్లు రాదన్నప్పుడు దానం ఎలా అవుతుంది? మూడులాంతర్లు గారూ, దీనికి జవాబు?

మూడులాంతర్లు:
దీనికి నా దగ్గర జవాబు లేదు. కూలి కూడా కట్టిన సొమ్ములో కలపమని ఆదివారం మీటింగులో అడుగుతాను. 15 ఏళ్ల మాట మాత్రం తగ్గించమని అడగను.

చంపావతి_ఒడ్డు:
ఆస్పత్రి ఖర్చుకు ఆ ఇంటి మీద అప్పు పుట్టే దారి ఉందా అని కూడా అడగండి. నేనూ వస్తాను. ఎన్ని గంటలకు?

సిరిమాను_వీధి:
పదింటికి అంటారు, పదకొండున్నరకు మొదలవుతుంది. గంటస్తంభం గారూ, మీ చెల్లెల్ని కూడా తీసుకురండి, సంతకం ఆ తర్వాత.