ఒకటో తరగతి పాప ఎపిపెన్ బ్యాగులో ఉండాలా, నర్సు గదిలో ఉండాలా?

ప్లానో అమ్మ
మా పాపకి ఆరేళ్ళు, 20 కిలోలు. పల్లీలు, జీడిపప్పు రెండూ పడవు. ఇక్కడ టెక్సాస్‌లో వచ్చే వారం స్కూల్లో 504 ప్లాన్ మీటింగ్ ఉంది. పాపకి స్కూలు ఏమేం చెయ్యాలో కాగితం మీద ఖాయం చేసేది అక్కడే. పడనిది తిని ప్రాణం మీదికి వస్తే వెంటనే తొడకు వేసే ఎపిపెన్ ఇంజెక్షన్ నర్సు గదిలోనే ఉంచుతామంటున్నారు. మావారేమో బ్యాగులోనే ఉండాలంటున్నారు. నిన్న టైం చూసుకుంటూ నడిచాను. ప్లేగ్రౌండ్ చివరి నుంచి నర్సు గదికి నాలుగు నిమిషాలు పట్టింది. మధ్యలో రెండు తలుపులు బ్యాడ్జి లేనిదే తెరుచుకోవు. మీరేమంటారు?

ఎడిసన్ నాన్న
బ్యాగులోనే ఉంచండి. డాక్టరు రాసిస్తే మందు పిల్లల దగ్గరే ఉంచుకోవచ్చని అన్ని రాష్ట్రాల్లోనూ చట్టాలున్నాయి. మావాడు కిండర్‌గార్టెన్‌లో ఎవరిదో పుట్టినరోజు కుకీ తిన్నాడు. పెదవి వాచింది. స్కూల్లో బెనడ్రిల్ అనే అలర్జీ మందు పట్టించి, తగ్గుతుందేమో చూద్దామని కూర్చోబెట్టారు. నేను వెళ్ళేసరికి గొంతు బొంగురుపోయి, దగ్గు ఆగడం లేదు. ఇంజెక్షన్ పక్క గదిలో బీరువాలో ఉంది! బెనడ్రిల్ దురద తగ్గిస్తుంది, అంతే. ఊపిరి ఆడకపోయినా, బీపీ పడిపోయినా పనికొచ్చేది ఎపిపెన్‌లో ఉండే మందు ఎపినెఫ్రిన్ ఒక్కటే. ఆ రోజు తలుచుకుంటే ఇప్పటికీ నాకు చేతులు వణుకుతాయి.

అట్లాంటా టీచరక్క
మీ బాబు సంగతి చదివి మనసు కలుక్కుమంది అన్నయ్యా. కానీ బ్యాగు దగ్గర నేను ఒప్పుకోను. కిండర్‌గార్టెన్ క్లాసులో పనిచేస్తాను, రోజూ చూస్తున్నాను. చిన్నపిల్లల బ్యాగులు క్లాసు బయట కొక్కేలకు వేలాడుతుంటాయి. లంచ్‌కి రావు, ఆటలకు రావు. పైగా ఆ చట్టాలు మామూలుగా, పిల్ల సొంతంగా వేసుకోగలదని డాక్టరు చెప్పాలంటాయి. గొంతు బిగుసుకుంటుంటే ఆరేళ్ళ పిల్ల మూత తీసి తొడకు గుచ్చుకుంటుందా? ఆ బరువు పెద్దవాళ్ళది.

మా దగ్గర ఎర్ర పౌచ్ ఒకటి పెట్టాం. అందులో రెండు ఎపిపెన్నులు, అలర్జీ వస్తే ఏం చెయ్యాలో రాసిన, పిల్ల ఫోటో ఉన్న యాక్షన్ ప్లాన్ కాగితం. క్లాసు తలుపు పక్కన పెద్దవాళ్ళకు అందే ఎత్తులో వేలాడుతుంది. పిల్ల ఎక్కడికి కదిలితే వెంట ఉన్న పెద్దవాళ్ళ భుజాన అదీ కదులుతుంది. ఇంకో జత నర్సు దగ్గర. సూది లేని ట్రైనర్ పెన్నుతో అందరం మా తొడల మీదే సాధన చేశాం. ప్యాంటు మీంచే వెయ్యొచ్చని చాలామందికి అప్పుడే తెలిసింది.

ఎడిసన్ నాన్న
సబ్‌స్టిట్యూట్ టీచరు వచ్చిన రోజో? స్కూలు బస్సులోనో?

అట్లాంటా టీచరక్క
సబ్‌స్టిట్యూట్‌కి పొద్దున్నే ఆఫీసులోనే పౌచ్ చూపించి సంతకం పెట్టించుకుంటారు. బస్సు విషయం మీరన్నది నిజం, మా దగ్గరా అది తేలలేదు. ప్లాన్‌లో విడిగా రాయించాల్సిందే. ఎండకు కాలే బస్సులో మందు వదిలెయ్యకూడదని కూడా రాయించండి, అది 20–25 డిగ్రీల్లో ఉండాలి.

హైదరాబాద్ డాక్టరమ్మ
పిల్లల డాక్టర్‌ని. మందు ఎక్కడుందన్నది ఎంత ముఖ్యమో, ఎప్పుడు వెయ్యాలో తెలియడం అంతే ముఖ్యం. ఒంటి మీద దద్దుర్లతో పాటు వాంతో, దగ్గో, ఆయాసమో ఉంటే ఆగకండి. తొడ బయటి వైపు వేసి 911కి ఫోన్ చెయ్యాలి. పిల్లను పడుకోబెట్టాలి, ఆయాసంగా ఉంటే కూర్చోవచ్చు గానీ నడిపించకూడదు. 5 నుంచి 15 నిమిషాల్లో తగ్గకపోతే రెండోది. అందుకే పౌచ్‌లో రెండుండాలి. సూదికి భయపడే సిబ్బంది ఉంటే మీ డాక్టర్‌ని నెఫీ అనే ఎపినెఫ్రిన్ ముక్కు స్ప్రే గురించి అడగండి. 15 నుంచి 30 కిలోల పిల్లలకు 1 మిల్లీగ్రాము స్ప్రేకి 2025లో అక్కడ అనుమతి వచ్చింది.

ప్లానో అమ్మ
మావారితో చదివించాను. పౌచే అడుగుతాం. బస్సు మాన్పించి నేనే దింపుతాను.

ఒక్కటి మాత్రం ఇన్నాళ్ళూ నాకు తట్టలేదు. పోయినసారి పాప ‘అమ్మా, నాలుక కారంగా ఉంది’ అంది. తిన్నది కేకు. స్కూల్లో ఆ మాట ఇంగ్లీషులో ఎలా చెప్పాలో దానికి తెలియదు. రాత్రి నుంచి ఇద్దరం అదే నేర్చుకుంటున్నాం, టీచర్ చెయ్యి పట్టుకుని మరీ చెప్పడం.