క్లాన్ సొసైటీలు వారసత్వమా, వీకెండ్ వేషమా?

షార్లెట్_శీను:
మేముండేది నార్త్ కరోలినాలో. ఇక్కడ గ్రాండ్‌ఫాదర్ మౌంటెన్ మీద ప్రతి జూలైలో హైలాండ్ గేమ్స్ (స్కాట్లాండ్ కొండసీమ, అంటే హైలాండ్స్, వాళ్ల దుంగలు విసిరే లాంటి ఆటలు) పెడతారు, 1956 నుంచీ ఉన్నాయి. క్లాన్ అంటే అక్కడ ఒక దొర కింద ఒకే ఇంటిపేరుతో ఉండే వంశం, ఆ పేర్లతో ఇప్పుడు నడిచే సంఘాలే క్లాన్ సొసైటీలు, ఒక్కో క్లాన్‌కి ఒక్కో టెంట్. మీ ఇంటిపేరేంటి అని అడుగుతారు, వాళ్ల లిస్టులో ఉందంటే ఫారం చేతిలో పెట్టేస్తారు, చందా కట్టు, కిల్టు అనే గళ్ల పావడా కొనుక్కో, ఇక నువ్వు మావాడివే. నాకైతే మెంబర్లని పెంచుకునే పనిలాగే ఉంది. మీరేమంటారు?

నవీన్_నిజాంపేట:
కరెక్ట్ చెప్పినవ్ అన్నా. క్లాన్‌కో టార్టన్, అంటే ఆ గళ్ల బట్ట డిజైన్, అనేది గూడ అంత పాతదేం గాదు. 1746ల కల్లోడెన్ యుద్ధంల, రాజు మీద తిరగబడ్డ హైలాండర్లు ఓడినంక బ్రిటిష్ గవర్నమెంట్ హైలాండ్ బట్టలే బ్యాన్ జేసింది, 1782ల ఎత్తేసిన్రు. 1822ల రాజు నాలుగో జార్జ్ ఎడిన్‌బరో వస్తుంటే నవలలు రాసే వాల్టర్ స్కాట్ దగ్గరుండి అందరికి టార్టన్ కట్టించిండు, గప్పటిసంది ఫ్యాషన్. ఈ గళ్లు ఫలానా క్లాన్‌యి అని లెక్కలు రాసుకున్నది చానావరకు ఆ టైమ్‌లనే. ఇప్పుడేమో తాతముత్తాతల గుర్తు అంటరు 😂

వనజ_కె:
కొత్తదైతే ఏంటండీ నవీన్ గారూ? క్లాన్ అంటే ఎప్పుడూ ఒకటే రక్తం కాదు, దొర భూమిలో బతుకుతూ ఆయన అండ కోసం ఆయన పేరు పెట్టుకున్నవాళ్లు బోలెడుమంది. మెక్‌గ్రెగర్ అనే క్లాన్ పేరుని 1603లో నిషేధిస్తే వాళ్లు వేరే పేర్లతో బతికారు, నిషేధం పూర్తిగా పోయింది 1774లో. మరి ఇంటిపేర్ల లిస్టు చూసి చేర్చుకోవడంలో మోసమేముంది. పైగా ఆ చందాలు ఊరికే పోలేదు, స్కాట్లాండ్‌లోని స్కై దీవిలో ఆర్మడేల్ ఎస్టేట్‌ని 1971లో క్లాన్ డొనాల్డ్ ట్రస్టు కొన్నది బయటి దేశాల సభ్యుల డబ్బు కూడా కలిపే, అక్కడ ఇప్పుడు మ్యూజియం ఉంది.

షార్లెట్_శీను:
మ్యూజియం సరే మేడమ్, నాకు చిరాకు పుట్టించేది కథ. కల్లోడెన్ తర్వాత తరిమేస్తే వచ్చాం అని చెప్పుకుంటారు, కానీ ఇక్కడి కేప్ ఫియర్ ప్రాంతానికి స్కాట్లాండ్‌లోని ఆర్గైల్ నుంచి మొదటి పెద్ద గుంపు దిగింది 1739లో, అంటే ఆ యుద్ధానికి ఏడేళ్ల ముందే, భూములు దొరుకుతాయని. కల్లోడెన్‌లో ఓడిన ప్రిన్స్ చార్లీని తప్పించిన ఫ్లోరా మెక్‌డొనాల్డ్ 1774లో వచ్చింది, రెండేళ్లు తిరక్కుండానే ఆమె మొగుడు అమెరికా స్వాతంత్ర్య యుద్ధంలో ఇంగ్లండ్ రాజు తరఫున మనుషుల్ని కూడగట్టాడు, 1776 ఫిబ్రవరిలో మూర్స్ క్రీక్ దగ్గర ఆ సైన్యం చిత్తుగా ఓడింది. ఇక బానిసల్ని కొన్న హైలాండర్లూ ఉన్నారు కదా, అందుకే ‘మెక్’తో మొదలయ్యే ఇంటిపేర్లున్న నల్లజాతి కుటుంబాలు ఇప్పటికీ ఇక్కడ ఉన్నాయి. లిస్టు ప్రకారం వాళ్లూ క్లానే. ఆ ముక్క కరపత్రంలో వేస్తే నేనే చందా కడతా.

కైఫీయత్_కుర్రోడు:
మన ఊళ్ల కైఫీయత్తులు (ఊరి చరిత్రలు) రాయించిన కాలిన్ మెకంజీ స్కాట్లాండ్‌లోని లూయిస్ దీవివాడే కదా. ఆ లెక్కన మెకంజీ టెంట్ దగ్గర మనకీ ఓ కుర్చీ వేయాలి 😄

నవీన్_నిజాంపేట:
కుర్చీ సంగతి తర్వాత, భాష ఏది? కెనడాల కేప్ బ్రెటన్‌ల 1938లనే హైలాండర్ల గేలిక్ భాష నేర్పుడు కోసం కాలేజ్ పెట్టిన్రు. గసొంటిది చూపిస్తే ఒప్పుకుంట. ఏడాదికోసారి దుంగలు ఇసిరి ఇంటికి పోతే ఎట్ల?

వనజ_కె:
దుంగలు చూడ్డానికి వచ్చినవాళ్లలోంచే కదండీ ఆ క్లాసులకీ జనం రావాలి. టెంట్లు తీసేస్తే వాళ్లని ఎక్కణ్ణుంచి తెస్తారు?