పరీక్షలయ్యాక పిల్లల బీచ్ ప్రయాణం: వద్దనడం కాకుండా ఏం చెయ్యొచ్చు?

వేళచ్చేరి వాసి:
అందరికీ నమస్కారం. చెన్నై వేళచ్చేరిలో మా అపార్ట్‌మెంట్లోనూ పక్క రెండు వీధుల్లోనూ కలిపి పది, పన్నెండు తరగతుల తెలుగు పిల్లలు 22 మంది ఉన్నారు. పబ్లిక్ పరీక్షలు ముగిసిన మర్నాడు గుంపుగా తిరువాన్మియూర్ బీచ్‌కో పాలవాక్కం బీచ్‌కో వెళ్లడం వాళ్లకు ఆనవాయితీ. ఇంట్లో వద్దంటే స్నేహితుడి ఇంట్లో చదువుకుంటున్నామని చెప్పి వెళ్తారు. అలా వెళ్తే ఎక్కడున్నారో కూడా మనకు తెలియదు. అందుకే ఈసారి తెలుగు సంఘం తరఫున మేమే తీసుకెళ్దామనుకుంటున్నాం. పెద్దవాళ్లం 6 మందిమి వస్తాం, అందులో ఈత వచ్చినవాళ్లు ఇద్దరే. పిల్లల్ని ఎంత లోతు వరకు దిగనివ్వాలి? ఒడ్డున ఏ సామాను పెట్టుకోవాలి? స్విమ్మింగ్ క్లాసులకు వెళ్లిన పిల్లల్ని కాస్త లోపలికి వదలొచ్చా?

ఈత నేర్పే మాష్టారు:
చివరి ప్రశ్నకు ముందు జవాబు చెప్తాను, ప్రమాదమంతా అక్కడే ఉంది కనుక. వదలొద్దండి. కొలనులో నేర్చుకున్న ఈత సముద్రంలో సగం కూడా పనికిరాదు. కొలనులో అడుగు కదలదు, గోడ ఎప్పుడూ పదడుగుల దూరంలోనే ఉంటుంది.

చెన్నై తీరం చాలాచోట్ల ఏటవాలు. అల దూరం నుంచి మెల్లగా విరుగుతూ రాదు, ఒడ్డు దగ్గరే ఒక్కసారిగా విరిగి పడుతుంది. వెనక్కి పోయేటప్పుడు కాళ్ల కింది ఇసుకను కూడా లాక్కుపోతుంది. ఒక ఘనపు మీటరు నీరు ఒక టన్ను బరువు. మోకాలి లోతులో నిలబడ్డ పిల్లాడికి ఇసుక జారిపోతే తర్వాతి అల ఛాతీకి తగులుతుంది. కాబట్టి హద్దు మోకాలు. అదీ అల వచ్చినప్పుడు చూసుకోవాలి, వెనక్కి పోయినప్పుడు కాదు. అల పోయాక మోకాలి లోతు ఉన్నచోట అల వచ్చేసరికి నడుము దాటుతుంది.

రెండోది రిప్ కరెంట్. ఒడ్డుకు వచ్చి చేరిన నీళ్లన్నీ ఒక ఇరుకు పాయగా మళ్లీ లోపలికి పోవడమే ఇది. మామూలుగా సెకనుకు అర మీటరు వేగంతో పోతుంది, ఉధృతమైతే 2 మీటర్లు దాటుతుంది. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో 100 మీటర్ల ఫ్రీస్టైల్ ప్రపంచ రికార్డు 46.40 సెకన్లు, అంటే సెకనుకు 2 మీటర్ల పైచిలుకు. అలాంటి పాయకు ఎదురు ఈది గెలిచే పిల్లాడు మన వీధిలో లేడు.

ఆ పాయ చూడ్డానికి ప్రశాంతంగా ఉంటుంది, మోసం అక్కడే. రెండు పక్కలా అలలు తెల్లగా విరుగుతుంటే మధ్యలో ఒక పట్టీలో విరగవు, నీళ్లు కాస్త ముదురు రంగులో ఉంటాయి, నురుగు లోపలికి కదులుతుంటుంది. "అక్కడ అలలు లేవు, అక్కడ దిగుదాం" అని పిల్లలు సరిగ్గా దాన్నే ఎంచుకుంటారు. వెళ్లగానే అందరినీ గట్టుమీద నిలబెట్టి 10 నిమిషాలు సముద్రాన్ని చూడమనండి. ఆ పట్టీ ఎక్కడుందో వాళ్లనే వేలుపెట్టి చూపించమనండి. ఉపన్యాసం కంటే ఇది బాగా గుర్తుంటుంది.

పాయలో చిక్కితే అది కిందికి లాగదు, దూరంగా మోసుకుపోతుంది. మనుషులు పోయేది ఒడ్డువైపే ఈదీ ఈదీ అలసిపోవడం వల్ల. వెల్లకిలా తేలుతూ ఒక చెయ్యి పైకెత్తాలి. ఓపిక ఉంటే ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈది, అలలు విరిగే చోటుకు చేరి అక్కడి నుంచి ఒడ్డుకు రావాలి.

అడయార్ నాన్న:
మాష్టారు చెప్పిన పాయ రాళ్ల కట్టల పక్కన దాదాపు ఎప్పుడూ ఉంటుంది. రాయపురం, ఎన్నూరు వైపు కట్టలున్న చోట్లకు వెళ్లకండి. బెసంట్ నగర్ విరిగిన వంతెన దగ్గర అడయార్ నది సముద్రంలో కలిసే చోటూ అంతే. ఫొటోలకు బాగుంటుందని పిల్లలు అక్కడికే పోతారు.

సమయం గురించి ఒక మాట. ఎండాకాలంలో మధ్యాహ్నానికి సముద్రపు గాలి మొదలవుతుంది, సాయంత్రానికి అలలు చిందరవందరగా ఉంటాయి. పొద్దున 6 నుంచి 9 లోపు ముగించుకుని ఇడ్లీ తిని ఇంటికి వచ్చేయండి. ముందురోజు రాత్రి, సముద్రపు అలల హెచ్చరికలు ఇచ్చే ఇన్‌కాయిస్ వారి హెచ్చరిక చూడండి. హైదరాబాద్‌లోని సంస్థే, 'సముద్ర' అని వాళ్ల యాప్ ఉంది. ఎత్తు అలలనో ఉప్పెన అలలనో హెచ్చరిక ఉంటే ప్రయాణం మానుకోండి, ఆకాశం ఎంత నిర్మలంగా ఉన్నా సరే. 2024 మే నెలలో కన్యాకుమారి జిల్లా లెమూర్ బీచ్‌లో 5గురు వైద్య విద్యార్థులు పోయింది అలాంటి రోజునే. ఎక్కడో దక్షిణ హిందూ మహాసముద్రంలో పుట్టిన అలలు ఇక్కడ గాలి లేకపోయినా వచ్చి పడతాయి.

ఇక సాయానికి, ఎవరైనా కొట్టుకుపోతుంటే పెద్దలు చేయీ చేయీ పట్టుకుని గొలుసులా లోపలికి వెళ్తే అందుకోవచ్చు. 6గురు సరిపోతారు.

తాడు సంచి:
అడయార్ నాన్నగారూ, మిగతా అంతా ఒప్పుకుంటాను, గొలుసు మాత్రం దయచేసి వద్దు. ఏటవాలు తీరంలో చివరి మనిషికి కాలు అందదు, ఒక్క పెద్ద అలకు గొలుసు తెగుతుంది. అప్పుడు ఒకరి బదులు ముగ్గురు నీళ్లలో ఉంటారు. బీచ్ ప్రమాదాల వార్తల్లో "కాపాడబోయి" అన్న మాట ఎన్నిసార్లు చదివామో గుర్తు చేసుకోండి. మునుగుతున్నవాడు అందినదాన్ని పట్టుకుని పైకెక్కడానికి చూస్తాడు. అది అతని తప్పు కాదు, శరీరం చేసే పని. కాబట్టి నియమం ఒకటే: అందించు, విసురు, దూకకు.

సామాను ఇదీ. పాలీప్రొపిలీన్ తాడు, 8 నుంచి 10 మిల్లీమీటర్ల మందం, 20 మీటర్ల ముక్కలు రెండు. చెన్నై ప్యారీస్ కార్నర్‌లోనూ కాసిమేడు వల సామాన్ల కొట్లలోనూ దొరుకుతుంది. నైలాన్ కొనకండి, అది మునుగుతుంది. కొబ్బరి తాడు తడిస్తే బరువెక్కి విసరలేరు. ఒక కొసకు 5 లీటర్ల ఖాళీ ప్లాస్టిక్ క్యాన్ కట్టండి, పిడికి రెండు చుట్లు వేసి గట్టి ముడి. క్యాన్‌లో అర లీటరు నీళ్లు పోసి మూత బిగించండి. పూర్తిగా ఖాళీదైతే గాలికి వెనక్కి తిరిగి వస్తుంది, నిండుదైతే తలకు తగిలి దెబ్బ. రెండో కొసకు పిడికిలి పట్టేంత ఉచ్చు వెయ్యండి. దాన్ని కాలికింద తొక్కి పట్టాలి లేదా చేత్తో పట్టుకోవాలి, మణికట్టుకో నడుముకో చుట్టుకోకూడదు. అలా చుట్టుకుంటే మిమ్మల్నీ లాగేస్తుంది.

విసిరేది చెయ్యి కిందినుంచి ఊపి. మనిషి మీదికి కాదు, భుజం పక్కగా దాటి అవతల పడాలి, అప్పుడు తాడు అతని చేతికి వస్తుంది. అందగానే ఇసుకలో కూర్చుని మడమలు గుచ్చి, "వెల్లకిలా తిరుగు, తాడు వదలకు" అని అరుస్తూ లాగండి. గురి తప్పితే తాడును చక్కగా చుట్టుకుంటూ కూర్చోకండి. కాళ్ల దగ్గర కుప్పగా లాగి వెంటనే మళ్లీ విసరండి.

ఇది మొదటిసారి విసిరితే తప్పకుండా 5 మీటర్లలోనే పడుతుంది. గాలి సముద్రం నుంచి మన మీదికి వీస్తుంది కనుక మైదానంలో 15 మీటర్లు వెళ్లేది బీచ్‌లో 10 వెళ్తుంది. అందుకని 6గురు పెద్దలూ, 16 దాటిన పిల్లలూ ఒక్కొక్కరు 10 సార్లు, 12 మీటర్ల దూరంలో బకెట్ పెట్టి సాధన చెయ్యాలి. సాధన చెయ్యని తాడు అలంకారానికే.

తాడు అందనంత దూరం పోతే మూత బిగించిన క్యాన్, ఫుట్‌బాల్, థర్మోకోల్ పెట్టె, ఏది తేలితే అది విసరండి. ఒకరు మాత్రం మునుగుతున్నవాడి వైపు వేలు చూపిస్తూ కన్ను తిప్పకుండా నిలబడాలి. అల మధ్య తల ఒక్కసారి కనుమరుగైతే మళ్లీ దొరకదు. ఇంకొకరు 112కు ఫోన్. తీర భద్రతా దళం నంబరు 1093.

వేళచ్చేరి వాసి:
చాలా ఉపయోగం. ఒక సందేహం: 22 మందికి 6గురు సరిపోతారా? అమ్మాయిలు చుడీదార్‌తోనే దిగుతామంటున్నారు, పర్వాలేదా?

ఈత నేర్పే మాష్టారు:
సగం మందే ఒకసారి నీళ్లలో. 11 మంది దిగితే 11 మంది గట్టుమీద, 30 నిమిషాలకు మార్పు. పెద్దల్లో నలుగురు తడవకుండా అలకు ఎదురుగా నిలబడాలి. వాళ్ల చేతిలో ఫోన్ ఉండకూడదు, ఫొటోలు తీసే పని మిగతా ఇద్దరిది. పిల్లలకు జంటలు కట్టండి. 10 నిమిషాలకోసారి ఒక పొడుగు విజిల్, వినగానే జంట చేతులు పట్టుకుని పైకెత్తాలి. మూడు పొట్టి విజిళ్లంటే అందరూ బయటికి.

చుడీదార్, జీన్స్ తడిస్తే బరువై కాళ్లకు చుట్టుకుంటాయి. దుపట్టా గట్టుమీదే ఉండాలి. లెగ్గింగ్స్, టీషర్ట్ మేలు. బట్టల దగ్గర కచ్చితంగా ఉంటే వాళ్లు రావడమే మానేస్తారు, అది ఇంకా నష్టం. ఆ దుస్తులతో ఉన్నవాళ్ల హద్దు చీలమండ అని చెప్పండి, చాలు.

బ్లూ ఫ్లాగ్ గుర్తింపు ఉన్న కోవలం బీచ్ (కేరళది కాదు, చెన్నై దగ్గరిది) కూడా ఆలోచించండి. ఆ గుర్తింపుకు లైఫ్‌గార్డులు, స్నానానికి గుర్తించిన హద్దు ఉండాలి. దిగేముందు గార్డు డ్యూటీలో ఉన్నాడో లేదో చూసుకోండి.

అత్యవసర విభాగం:
బయటికి తీశాక జరిగే తప్పుల గురించి. పొట్ట నొక్కి నీళ్లు కక్కించడం, తలకిందులుగా పట్టుకోవడం, భుజాన వేసుకుని పరుగెత్తడం, ఈ మూడూ చెయ్యకండి. పొట్టలో నీళ్లు చంపవు. నొక్కితే వాంతి ఊపిరితిత్తుల్లోకి పోతుంది, విలువైన నిమిషాలు పోతాయి.

పిలిస్తే పలకడం లేదు, ఊపిరి లేదు, లేదా చేపలా అప్పుడప్పుడు నోరు తెరుస్తున్నాడు అంటే ఊపిరి లేనట్టే. ఒకరు 108కి ఫోన్ చెయ్యాలి. గట్టి ఇసుక మీద వెల్లకిలా పడుకోబెట్టి, గడ్డం పైకెత్తి, ముక్కు మూసి, నోటితో 5 శ్వాసలు ఇవ్వండి, ఛాతీ లేస్తోందో లేదో చూస్తూ. 2 శ్వాసలని నేర్పే శిక్షణలూ ఉన్నాయి, అదీ సరే. గుండె ఆగినవారికి నేర్పే సీపీఆర్‌లో ముందు ఛాతీ నొక్కుతారు. మునిగినవాడికి కరువైంది ప్రాణవాయువు కనుక ఇక్కడ శ్వాస ముందు. ఆ తర్వాత ఛాతీ మధ్య 5 సెంటీమీటర్ల లోతుకు 30 నొక్కుళ్లు, 2 శ్వాసలు, నిమిషానికి 100 నుంచి 120 వేగం. అంబులెన్స్ వచ్చేదాకా ఆపొద్దు, రెండేసి నిమిషాలకు మనిషి మారండి. వాంతి అయితే పక్కకు తిప్పి నోరు తుడిచి మళ్లీ మొదలు. నోటితో ఇవ్వలేకపోతే నొక్కడమైనా చెయ్యండి.

నీళ్లు మింగి దగ్గుతూ లేచి "ఏం కాలేదు ఆంటీ" అన్నవాడిని కూడా ఆస్పత్రికి తీసుకెళ్లాలి. ఊపిరితిత్తుల్లోకి కాస్త నీరు పోయినా కొన్ని గంటల్లో ఆయాసం రావచ్చు. కేసులకు భయపడి ఆలస్యం చెయ్యకండి. సాయం చేసినవాళ్లను కేసుల నుంచి కాపాడే మోటారు వాహన చట్టం 134ఎ సెక్షన్ రోడ్డు ప్రమాదాలకే, అయినా ఇక్కడ కూడా ముందు ప్రాణం.

తిరువాన్మియూర్ పిన్ని:
సామాను, సీపీఆర్ సరే. నాకు మిగతా 364 రోజుల గురించి దిగులు. ఒక్కసారి తీసుకెళ్లినంత మాత్రాన పిల్లలు మళ్లీ సొంతంగా వెళ్లరా? వెళ్తారు. సముద్రం కాకపోతే సిక్కరాయపురం లాంటి వదిలేసిన క్వారీలకు వెళ్తారు. అవి ఇంకా ప్రమాదం. ఒడ్డు దగ్గరే నిలువు లోతు, పైన వెచ్చగా కింద చల్లగా ఉంటుంది, ఎక్కి రావడానికి మెట్టు ఉండదు, కింద ఏ రాయి ఉందో కనిపించదు.

అందుకని పిల్లలతో ఒక ఒప్పందం చేసుకోండి. ఎక్కడికి వెళ్లినా లొకేషన్ ఒక పెద్దవాళ్లకు పంపాలి. తల్లిదండ్రులకే కానక్కర్లేదు, బాబాయికో పక్కింటి అక్కకో సరే. ఆ పెద్దవాళ్లు ఆ రోజు తిట్టకూడదు, ఇంట్లో చెప్పకూడదు. మాట్లాడాల్సింది మర్నాడు. ఫోన్ చేస్తే తిట్లు పడతాయని తెలిస్తే, ఒకడు మునిగినా మిగతావాళ్లు ఫోన్ చెయ్యడానికి తటపటాయిస్తారు. ఆ తటపటాయింపే ప్రాణం తీస్తుంది. తల్లిదండ్రుల మీటింగులో ముందు ఈ ఒక్క విషయానికి ఒప్పించండి, మిగతావన్నీ తర్వాత.

వెళ్లే ముందురోజు ఆ తీరంలోని కుప్పానికి, అంటే జాలర్ల పేటకు, వెళ్లి పెద్ద జాలరులను అడగండి, ఎక్కడ లాగుడు ఉంది, ఎక్కడ గుంట పడింది అని. ఇసుక నెలనెలా మారుతుంది, పోయిన ఏడాది మంచిదైన చోటు ఈ ఏడాది కాకపోవచ్చు. ఏమైనా జరిగితే ముందు వచ్చేది వాళ్ల పడవే. ముక్కనుమ నాడు, అంటే ఇక్కడి కాణుం పొంగల్ నాడు, మెరీనాలో పోలీసులు పిల్లల చేతికి తల్లిదండ్రుల నంబరు రాసిన పట్టీ కడతారు. ఆ పద్ధతి మీరూ పెట్టుకోండి.

ఈత నేర్పే మాష్టారు:
పిన్నిగారి మాట సరైనది. ఏడాది పొడుగునా పనికొచ్చేది ఈత కాబట్టి ఒక్కటి చేర్చుతాను. వేళచ్చేరి ఆక్వాటిక్ కాంప్లెక్స్ మీకు దగ్గరే. "ఈత వచ్చు" అన్న మాటను నమ్మకుండా ఐదు పనులు చేయించి చూడండి: తల మునిగే లోతులో దూకి పైకి రావడం, నిమిషం పాటు తేలడం, గుండ్రంగా తిరిగి బయటికి దారి వెతకడం, 25 మీటర్లు ఈదడం, మెట్లు లేకుండా గట్టెక్కడం. అన్నీ ఆపకుండా వరసగా. సగం మంది నిమిషం తేలడంలో ఆగిపోతారు, ఫ్రీస్టైల్ ఎంత అందంగా వేసినా.

వేళచ్చేరి వాసి:
వచ్చే ఆదివారం సాయంత్రం 4 గంటలకు స్కూలు మైదానంలో తాడు సాధన పెడుతున్నాం, గాలి అప్పుడే ఉంటుంది కనుక. తల్లిదండ్రుల మీటింగు అంతకు ముందు శనివారం. 5 లీటర్ల క్యాన్లు 4 ఉన్నాయి, ఒకదానికి మూత వదులుగా ఉంది.

తాడు సంచి:
వదులు మూతది తీసుకురాకండి. మూత ఊడితే నీళ్లు నిండి మునుగుతుంది. మిగతా మూడింటినీ ముందు బకెట్ నీళ్లలో అరగంట ముంచి బుడగలు వస్తున్నాయేమో చూడండి.