కెరూబులు: గ్రీకులో నపుంసక లింగం ఎందుకు?

బైబిల్లో హెబ్రీయులకు 9:5లో "మహిమగల కెరూబులు" (రెక్కలున్న పరలోక జీవులు) అని ఉంది కదా. గ్రీకు ప్రతుల్లో అక్కడ ఖెరూబిన్ అనో ఖెరూబిమ్ అనో ఉంటుంది. కొత్త నిబంధనలో ఈ మాట వచ్చేది ఆ ఒక్కచోటే. హీబ్రూ 'కెరూబ్' బహువచనాన్నే గ్రీకు అక్షరాల్లో రాసుకున్నారు, అంతవరకు అర్థమైంది. కానీ దాన్ని నపుంసక లింగంగా ఎందుకు వాడారు? ఆదికాండము 3:24 పాత గ్రీకు అనువాదంలోనూ అంతే. దేవదూతకు వాడే 'అంగెలోస్' మాత్రం పుంలింగం!

ఇంకొకటి. ప్రాచీన మెసొపొటేమియాలో వాడిన అక్కాడియన్ భాషలో దీవించడం అనే అర్థమున్న ధాతువు నుంచి వచ్చిన 'కారిబు'తో దీనికి చుట్టరికం ఉందంటారు. యెహెజ్కేలు 10లోని నాలుగు ముఖాల వర్ణన చదివితే నాకు ప్రాచీన అస్సిరియా శిల్పాల్లోని రెక్కల ఎద్దులే గుర్తొస్తాయి. ఆ వాదనకు బలమెంత? గ్రీకు, హీబ్రూ చదివినవాళ్లు కాస్త చెప్పండి. క్రిస్మస్ కార్డుల మీద కెరూబులుగా గీసే బొద్దు పిల్లల సంగతి వద్దు, అది చిత్రకారుల పని.