తప్పు ఎక్కడుందో తెలిసీ స్టూడెంట్‌కి చెప్పకపోవడం సరైనదేనా?

తరమణి టీచర్:
చెన్నైలో బీఎస్సీ మ్యాథ్స్ ఫైనలియర్ పిల్లలకి ప్రాజెక్ట్ గైడ్‌ని. వాళ్ళలో మన తెలుగమ్మాయి ఒకరు. 2015 డిసెంబరులో చెంబరంబాక్కం చెరువు నీళ్ళు అడయార్ నదిలోకి వదిలినప్పుడు వాళ్ళ ఇల్లు మునిగిందట. ఆ చెరువు నీటిమట్టం మీదే ప్రాజెక్ట్ చేస్తానంది. ముందు చెయ్యి తిరగాలని చిన్న లెక్క ఇచ్చాను: ఒక రాశి, తన విలువకి 50 రెట్ల వేగంతో తగ్గుతోంది. మొదటి విలువ 1, ఆయిలర్ పద్ధతి (ఇప్పటి వేగాన్ని బట్టి చిన్న చిన్న అడుగుల్లో తర్వాతి విలువ వేసుకుంటూ పోవడం), ఒక్కో అడుగు, అంటే స్టెప్, 0.05. జవాబు సున్నాకి దిగాలి. ఆమెకి 1, -1.5, 2.25, -3.375 అని వచ్చాయి. కోడ్‌లో తప్పుందని రెండు వారాలు వెతికింది. కోడ్ బాగానే ఉంది, స్టెప్పే పెద్దదైంది. నాకు మొదటి రోజే తెలుసు, చెప్పలేదు. మొన్న ల్యాబ్‌లో ఏడ్చేసింది. నేను చేసింది తప్పా?

తాంబరం నుంచి:
తప్పే మాస్టారూ. మా గైడ్ కూడా "నువ్వే కనుక్కో" అని నెల రోజులు వదిలేశారు. నాకు లెక్కలు రావనే అనుకున్నాను, ఎమ్మెస్సీకి అప్లై కూడా చెయ్యలేదు. ఇంటర్నల్ మార్కులు, ప్లేస్‌మెంట్ టెన్షన్ మధ్య ఉన్న పిల్లలకి మీ మౌనం వెనక ఉద్దేశం ఎలా తెలుస్తుంది?

రిటైర్డ్ లెక్చరర్, పెరంబూర్:
చెప్పెయ్యడానికి నేను ఒప్పుకోను, ఆ స్టెప్ సంగతి ఆమె జన్మలో మర్చిపోకూడదు. అలాగని ఒంటరిగా వదిలెయ్యడమూ కాదు. రామానుజన్ ఎవరి సాయం లేకుండా చెయ్యలేదా అంటారు కొందరు. ఇదే ఊళ్ళో పోర్ట్ ట్రస్ట్ గుమాస్తాగా ఉంటూ 1913లో ఇంగ్లండ్‌లోని గణిత శాస్త్రవేత్త హార్డీకి ఉత్తరం రాసింది సలహా కోసమే కదా!
ఆమెని కంప్యూటర్ ముందు నుంచి లేపి కాగితం ఇవ్వండి. 1లోంచి 50 × 0.05, అంటే 2.5 తీసేస్తే -1.5. ఇంకోసారి వేస్తే 2.25. ప్రతిసారీ -1.5తో గుణిస్తున్నామని చేత్తో వేస్తే ఇట్టే తెలుస్తుంది. పది నిమిషాల పని. ఇది మొదటి వారంలోనే చేయించాల్సింది.

తరమణి టీచర్:
నిన్న కాగితం మీద వేయించాను. మూడో స్టెప్‌కే ఆగి, "సార్, 50 × స్టెప్ 2 కన్నా తక్కువైతే విలువ పెరగదు, అంటే స్టెప్ 0.04 కన్నా చిన్నదైతే చాలు కదా!" అంది. 0.01 పెట్టింది, ప్రతి స్టెప్‌కీ సగమవుతూ చక్కగా దిగింది. రెండు వారాలు ఊరుకున్నందుకు సారీ చెప్పాను. బ్యాగ్ సర్దుకుంటూ, "సరిగ్గా 0.04 పెడితే?" అని తనే అడిగి, మళ్ళీ కూర్చుని 1, -1, 1, -1 అని రాసుకుంటూ పోయింది.