తొమ్మిదో నెల పాప బరువు గీత అడ్డంగా సాగుతోంది, తిండిలో ఏం మార్చాలి?

చిట్టితల్లి
పాపకి 9 నెలలు నిండాయి. పుట్టినప్పుడు 2.8 కిలోలు, ఆరు నెలలకి 6.6, ఇప్పుడు 6.8. ఎంసీపీ కార్డులో (టీకాలు, బరువు రాసే తల్లీబిడ్డల రక్షణ కార్డు) బరువు గీత ఇంకా పచ్చరంగులోనే ఉంది. తల్లిపాలు పగలు నాలుగైదు సార్లు, రాత్రి మూడుసార్లు. పొద్దున వడగట్టిన రాగిజావ సీసాతో 150 మి.లీ., మధ్యాహ్నం పప్పుకట్టు పోసిన మెత్తటి అన్నం నాలుగు చెంచాలు, సాయంత్రం ఆపిల్ గుజ్జు. జ్వరం, విరేచనాలు లేవు. పాకడం మొదలెట్టాక ఒళ్ళు తీయడం మామూలే అని ఇంట్లో పెద్దవాళ్ళ మాట. అది ఎంతవరకు నిజం?

గోదారిగట్టు
సగం నిజమండీ. ఆరో నెల దాటాక ఎదుగుదల వేగం తగ్గుతుంది, రోజుకి సుమారు 10 గ్రాములకి వస్తుంది. అలా చూసినా మూడు నెలల్లో 900 గ్రాముల దాకా పెరగాలి. 200 దగ్గరే ఆగిందంటే పాకడం ఒక్కటే కారణం కాదు. కార్డులో రంగు కన్నా గీత పోకడ ముఖ్యం. పచ్చరంగు పైభాగంలో మొదలైన గీత అడ్డంగా సాగితే, పసుపులోకి (తక్కువ బరువు గుర్తు) దిగేదాకా ఆగకుండా అప్పుడే పట్టించుకోవాలి.

ముందు బరువు మళ్ళీ చూడండి. బట్టలు, డైపర్ తీసేసి, కాటా సున్నా దగ్గరుందో లేదో చూసి, ప్రతిసారీ అదే కాటా మీద. బాగా తడిసిన డైపర్ ఒక్కటే 200 గ్రాములు తూగుతుంది. ఆరో నెల బరువు బట్టలతో, ఇప్పటిది బట్టల్లేకుండా తూచి ఉంటే లెక్క అక్కడే తప్పుతుంది.

ఇక తిండి. ఈ వయసులో తల్లిపాలు కాక బయటి తిండి నుంచి రోజుకి సుమారు 300 కేలరీలు అందాలి. బిడ్డ పొట్ట కిలోకి 30 మి.లీ. లెక్కన మీ పాపకి దాదాపు 200 మి.లీ. పడుతుంది. 150 మి.లీ. పలుచని జావలో ఉండే పిండి 10 గ్రాములే అనుకుంటే వచ్చేది 33 కేలరీలు. వడగడితే అదీ తగ్గుతుంది. పొట్ట ముప్పావు వంతు నిండింది, బలం మాత్రం చెంచా నెయ్యిలో ఉన్నంత కూడా (45 కేలరీలు) లేదు. పప్పుకట్టూ అంతే, పప్పు అడుగున మిగిలిపోయి నీళ్ళు బిడ్డకి వెళ్తున్నాయి.

చెంచా వంచితే జారిపోకుండా నిలిచేంత చిక్కదనం ఉండాలి. అన్నం రెండు వంతులు, ముద్దపప్పు ఒక వంతు, చెంచా నెయ్యి, చేత్తో మెదపండి. మిక్సీలో వేయొద్దు, ఈ వయసుకి కాస్త పలుకు తగలాలి. 250 మి.లీ. గిన్నెలో సగం చొప్పున రోజుకి మూడు నాలుగు సార్లు. బాగా ఉడికిన గుడ్డు తెల్లసొనతో సహా పెట్టొచ్చు. ఆపిల్ బదులు అరటిపండు పెడితే అదే పరిమాణానికి దాదాపు రెట్టింపు బలం. ఏడాది దాకా ఉప్పు, పంచదార, తేనె వద్దు. సీసా మానేయండి, అందులో పట్టేది పలుచనిదే.

మొలకలమూట
జావ మానక్కర్లేదు, చేసే తీరు మార్చండి. చిక్కగా కాస్తే బిడ్డ మింగలేదు, పలుచగా కాస్తే బలం ఉండదు. ఈ చిక్కుకి మొలకెత్తిన రాగుల పిండే మందు.

రాగులు కడిగి 12 గంటలు నానబెట్టి, తడిబట్టలో మూటగట్టి ఒకటిన్నర రోజు ఉంచండి. మధ్యమధ్య నీళ్ళు చిలకరించాలి. పుల్లవాసన వచ్చినా, బూజు కనపడినా మొత్తం పారేయాల్సిందే. మొలకలు నీడలో గలగలమనేదాకా ఆరబెట్టి, సన్నసెగ మీద గోరువెచ్చగా తిప్పి, చేత్తో నలిపి మొలకతోకలు రాల్చి, ఆడించి జల్లించండి. ఎర్రగా వేయిస్తే దానిలో పిండిపదార్థాన్ని విడగొట్టే ఎంజైమ్ చచ్చిపోతుంది. చాలామంది తప్పు చేసేది ఇక్కడే.

మామూలు రాగిపిండి లేదా ఉగ్గుపిండి మూడు పెద్ద చెంచాలు 150 మి.లీ. నీళ్ళలో గట్టిగా ఉడికించి దించండి. పొంగు పూర్తిగా తగ్గి, ఇంకా బాగా వేడిగా ఉండగానే ఒక చిన్న చెంచా మొలకల పిండి కలిపి పది నిమిషాలు మూతపెట్టండి. ముద్ద జారుడు పాయసంలా అవుతుంది. మళ్ళీ ఒక్క పొంగు రానిచ్చి, నెయ్యి కలిపి చెంచాతో పెట్టండి.

చిట్టితల్లి
పలుచబడిందంటే బలం కూడా తగ్గినట్టేగా?

మొలకలమూట
తగ్గదమ్మా. మీరు నీళ్ళు పోయలేదు కదా. చిక్కదనానికి కారణమైన పిండిపదార్థపు పొడవాటి గొలుసుల్ని ఆ ఎంజైమ్ తెంపిందంతే, పిండి అంతా అందులోనే ఉంది.

పాలకంకి
ఇనుము సంగతి ఎవరూ అడగలేదు. పుట్టుకతో వచ్చిన నిల్వ ఆరో నెలకి అయిపోవస్తుంది, తల్లిపాలలో ఉండేది చాలదు. రక్తం తగ్గితే ఆకలి చస్తుంది, ఆకలి లేక తిండి ఇంకా తగ్గుతుంది. ఆశా కార్యకర్త ఇచ్చే ఐరన్ సిరప్ వారానికి రెండుసార్లు, 1 మి.లీ. చొప్పున, తిన్నాక వేయాలి. మలం నల్లగా వస్తుంది, భయపడి ఆపొద్దు.

తొమ్మిది నిండాయి కాబట్టి మీజిల్స్-రుబెల్లా మొదటి టీకా, దాంతోపాటు విటమిన్ ఎ పడ్డాయో లేదో కార్డులో చూడండి.

తిండి మార్చి మూడు వారాలైనా గీత లేవకపోతే పిల్లల డాక్టరు దగ్గరికి వెళ్ళండి, మూత్ర పరీక్ష అడగండి. ఆడపిల్లల్లో మూత్రంలో ఇన్ఫెక్షన్ జ్వరం లేకుండా కూడా ఉండి బరువుని ఆపేస్తుంది. ఇంట్లో ఎవరికైనా టీబీ ఉంటే అది తప్పక చెప్పాలి. పాదాల్లో వాపు, జబ్బ చుట్టుకొలత 11.5 సెం.మీ. కన్నా తక్కువ, తిండి పూర్తిగా నిరాకరించడం, వీటిలో ఏది కనపడినా మూడు వారాలు ఆగకండి, ఆ రోజే.

గోదారిగట్టు
ఇంకొక్క మాట. ముందు తిండి, తర్వాత పాలు. పాలు తాగించిన గంటలోపు గిన్నె తెస్తే ఏ బిడ్డా నోరు తెరవదు. ఫోను చూపించి కుక్కితే పొట్ట నిండిందన్న సంగతి బిడ్డకే తెలియకుండా పోతుంది. మొహం తిప్పుకుంటే ఆపి, రెండున్నర గంటల తర్వాత మళ్ళీ పెట్టండి. వేళ్ళతో పట్టుకునే వయసు ఇది: మెత్తని ఇడ్లీ ముక్క, ఉడికిన చిలగడదుంప వేలంత ముక్క చేతికివ్వండి. సగం కింద పోసినా పోయనివ్వండి. వేరుశనగ పలుకులు, బఠాణీలు మాత్రం దగ్గరికి రానివ్వొద్దు, గొంతుకి అడ్డం పడతాయి.

బరువు రోజూ చూడకండి. పదిహేను రోజులకోసారి, పొద్దున పాలకి ముందు, అదే కాటా మీద తూచి ఆ అంకె ఇక్కడ పెట్టండి.