ఓపీటీలో కోసిన ఫైకా పన్ను: హెచ్-1బీ పెండింగ్‌లో ఉండగా వాపసు అడగవచ్చా?

డెంటన్ విద్యార్థి:
అందరికీ నమస్కారం. 2021 ఆగస్టులో ఎఫ్-1 విద్యార్థి వీసా మీద అమెరికా వచ్చి, చదువు ముగించి, 2023 నుంచి మొదట ఓపీటీ (చదువు తర్వాత పనిచేయడానికి ఇచ్చే అనుమతి) మీద, ఆ తర్వాత స్టెమ్ ఓపీటీ (సైన్సు, టెక్నాలజీ వంటివి చదివినవారికి దాని పొడిగింపు) మీద ఒకే కంపెనీలో పనిచేస్తున్నాను. ఎఫ్-1 వారికి మొదటి ఐదు క్యాలెండర్ సంవత్సరాలు సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ పన్నులు (రెండూ కలిపి ఫైకా) వర్తించవని నాకు తెలిసేసరికే, ప్రతి జీతంలోనూ 7.65 శాతం కోసేశారు. 80,000 డాలర్ల జీతం మీద అది ఏడాదికి 6,120 డాలర్లు. జీతాలు చూసే పేరోల్ వారిని అడిగితే ‘ఐఆర్ఎస్‌నే (పన్ను శాఖనే) అడుక్కోండి’ అని ఒక్క ముక్కలో తేల్చేశారు. నా హెచ్-1బీ (ఉద్యోగ వీసా) పిటిషన్ వేసింది కూడా ఈ కంపెనీయే. ఈ పరిస్థితిలో గట్టిగా అడగడం మేలా, ఊరుకోవడం మేలా?

ఫ్రిస్కో వాసి:
డబ్బు మీదే, అందులో సందేహం లేదు. సందేహమల్లా సమయం గురించే. కోసిన పన్నును కంపెనీయే తిరిగి ఇవ్వాలంటే వారు 941-ఎక్స్ (కంపెనీ వేసిన పేరోల్ పన్ను రిటర్నును సవరించే ఫారం) దాఖలు చేయాలి, మీ డబ్ల్యూ-2ను (ఏడాది జీతం, కోతలు చూపే పత్రాన్ని) సవరించాలి. అడక్కుండా ఎవరూ నెత్తికెత్తుకునే పని కాదది. పిటిషన్ వారి చేతిలో ఉన్నప్పుడు ఆ తలనొప్పి మీరే తెచ్చిపెట్టడం నాకు తెలివైన పనిగా కనిపించదు. పైగా 2025 ఏప్రిల్‌లో పన్ను శాఖకూ వలస శాఖకూ మధ్య సమాచార ఒప్పందం కుదిరాక మనవాళ్లలో భయం పెరిగింది. 2023 జీతం మీది పన్నును అడగడానికి 2027 ఏప్రిల్ 15 దాకా గడువుంది కనుక, అప్రూవల్ వచ్చేదాకా ఆగండి.

పన్నుల బల్ల:
రిటర్నులు తయారుచేయడమే నా వృత్తి, కాబట్టి కొంచెం వివరంగా రాస్తున్నాను. ఆ ఒప్పందం దేశం విడిచి వెళ్లాలని తుది ఆదేశాలు అందుకున్నవారి గురించీ, నేర విచారణలో ఉన్నవారి గురించీ కుదిరింది. చెల్లుబాటయ్యే హోదాలో ఉండి, కట్టనక్కరలేని పన్నును తిరిగి అడిగేవారి గురించి కాదు. పేరోల్ వారికి తరచుగా తట్టని విషయం మరొకటి ఉంది: మీ 6,120 డాలర్లకు సమానంగా కంపెనీ కూడా కట్టింది, 941-ఎక్స్ వేస్తే ఆ వాటా వారికీ తిరిగి వస్తుంది. ఈ మాట రాసి ఒక మర్యాదైన ఈమెయిల్ పంపితే అది తగవు కిందికి రాదు.

మీరు నిజంగా భయపడవలసింది మీ పాత రిటర్నుల గురించి. మన విద్యార్థుల్లో చాలామంది ఏదో ఒక సాఫ్ట్‌వేర్‌లో 1040 దాఖలు చేసి ఊరుకుంటారు. అది పన్ను లెక్కలో రెసిడెంట్లయినవారి ఫారం. ఈ మినహాయింపు మాత్రం నాన్‌రెసిడెంట్లకే ఉంది. ఒక కాగితంలో రెసిడెంట్‌నని, మరొక కాగితంలో కాదని చెప్పి డబ్బు అడిగితే మీ మాటకు మీరే అడ్డు తగిలినట్టు. అలా జరిగివుంటే ముందు 1040-ఎక్స్‌తో సవరించండి. ఇండో-అమెరికా పన్ను ఒప్పందం 21వ అధికరణం కింద భారతీయ విద్యార్థికి నాన్‌రెసిడెంట్ల ఫారమైన 1040-ఎన్‌ఆర్‌లోనూ స్టాండర్డ్ డిడక్షన్ (ఆదాయంలో పన్ను పడని స్థిర మొత్తం) దొరుకుతుంది కనుక, సవరణ వల్ల చాలామందికి పెద్ద నష్టం ఉండదు.

కంపెనీ నిరాకరిస్తే, వాపసు కోరే 843 ఫారాన్ని ఏడాదికొకటి చొప్పున నింపి, దాని అనుబంధ ఫారం 8316తో పాటు డబ్ల్యూ-2, ఐ-94 (దేశంలోకి వచ్చిన నమోదు), వీసా, ఈఏడీ (పని అనుమతి కార్డు) నకళ్లు జతచేయండి. వాపసు ఇవ్వలేదని కంపెనీ రాసి ఇవ్వకపోతే ఆ సంగతి మీరే రాసి సంతకం చేయవచ్చు. రసీదు వచ్చే పోస్టులోనే పంపండి. నెలలు గడిచినా ఉలుకూ పలుకూ లేదని అదే దరఖాస్తును రెండోసారి పంపకండి; దానివల్ల మరింత ఆలస్యమవుతుంది. ఆలస్యం వల్ల ఆర్థికంగా ఇబ్బంది పడుతుంటే 911 ఫారంతో, ఐఆర్ఎస్‌లోనే పన్ను కట్టేవారి పక్షాన సాయపడే ట్యాక్స్‌పేయర్ అడ్వొకేట్‌ను ఉచితంగా ఆశ్రయించవచ్చు. ఆరు నెలలు దాటినా జవాబు రాకపోతే కోర్టుకు వెళ్లే హక్కు చట్టంలో ఉంది గాని, ఈ మొత్తానికి ఎవరూ అంత దూరం వెళ్లరనుకోండి.

కూకట్‌పల్లి నుంచి:
‘అప్రూవల్ దాకా ఆగండి’ అన్న సలహాతో నేను ఏకీభవించలేను. అప్రూవల్ రాకపోతే? నాలాగా తిరిగి వచ్చేసినవారికి హక్కు ఎక్కడికీ పోదు, వసూలు చేసుకోవడమే కష్టమవుతుంది. అక్కడి బ్యాంకు ఖాతా మూసేస్తాం, అపార్ట్‌మెంటు ఖాళీ చేస్తాం, ఉత్తరం పాత చిరునామాకు వెళ్లి పోస్టుబాక్సులో పిజ్జా కరపత్రాల మధ్య పడి ఉంటుంది. చెక్కు వచ్చినా అది ఏడాది వరకే చెల్లుతుంది. 2025 సెప్టెంబరు 30 నుంచి ప్రభుత్వం కాగితపు చెక్కులనే తగ్గించుకుంటూ వస్తోంది. దరఖాస్తు వేసినా వేయకపోయినా ఆ ఖాతాను మూయకండి, చిరునామా మారితే 8822 ఫారం పంపండి.

ఫ్రిస్కో వాసి:
తిరిగి వెళ్లవలసి వచ్చిన వారి ఇబ్బందిని నేను లెక్కలోకి తీసుకోని మాట నిజమే. అయినా పేరోల్‌తో పేచీ విషయంలో నా అభిప్రాయం మారలేదు. ఈమెయిల్ ఒక్కటి రాయండి, కాదంటే వాదించకుండా 843 పంపండి.

డెంటన్ విద్యార్థి:
ధన్యవాదాలు అన్నగారూ. 2023 రిటర్నును 1040లోనే వేసినట్టు ఇప్పుడే చూశాను, ముందు దాన్ని సవరిస్తాను. ఈ ఏడాది జనవరి నుంచి కోస్తున్నది కూడా కలిపి అడగవచ్చా?

పన్నుల బల్ల:
అడగకండి. మీరు ఆగస్టులో దిగినా 2021 పూర్తి ఏడాదిగానే లెక్కకు వస్తుంది, అంటే 2025తో మీ ఐదేళ్లూ అయిపోయాయి. ఈ ఏడాది 183 రోజులు ఇక్కడే ఉంటే మీరు రెసిడెంట్ కిందికి వస్తారు కనుక, స్టెమ్ ఓపీటీలో ఉన్నా 2026 జీతం మీద కోస్తున్నది సక్రమమే. దాన్ని కూడా కలిపి పంపితే సరైన క్లెయిము కూడా సందేహంలో పడుతుంది.